అవ్వ రాయించుకున్న ముక్క

నా వాక్యం నాకంటే ముందే బస్సెక్కి కూర్చుంది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయే పొద్దుటి ట్రిప్పు అది. నేను ఆ బస్సు కండక్టర్ని. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి మా బస్సులో కాలు పెట్టడానికి చోటుండదు. అయినా ప్రతి ఒక్కరికీ సున్నా టికెట్టు కొట్టి చేతికివ్వాలి. అలా కొట్టుకుంటూ వెనక నుంచి ముందుకు వస్తున్నాను. నాలుగో సీటులో ఒకాయన ఫోను పెద్దగా పెట్టుకుని వింటున్నాడు. అందులో వెనకాల వేణువు మోగుతోంది. ఒక మగ గొంతు నిదానంగా చదువుతోంది.

"ఆమె మూటలో పది ఇళ్ల పాత చీరలున్నాయి. ఏ చీర ఎవరిదో ఆమె చూడనక్కర్లేదు, ముట్టుకుంటే చాలు."

నా చేతిలో టికెట్టు మిషన్ ఆగిపోయింది. ఆ రెండు వాక్యాలూ నావి. ఇదే బస్సులో, ఇదే దారిలో, ముద్దనూరు రైలు గేటు పడి బస్సు ఆగినప్పుడు రాసుకున్నవి.

"యాడిదప్పా ఇది?" అని అడిగాను.

"బలే రాసినాడు మ్మా ఈ సారు. పెద్ద చానెలు ఈయనది. వాల్ల ఊర్లో ఒక అవ్వ ఉన్న్యంట, ఆమె గురించి," అన్నాడాయన. నాకూ వినిపించాలని ఇంకొంచెం గట్టిగా పెట్టాడు.

నాకు కోపం ఎక్కువ. డిపోలో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ ఆ రోజు కోపానికంటే ముందు గర్వం వచ్చింది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు? ముక్కూ మొహం తెలియని మనిషి కళ్లు మూసుకుని నా మాటలు వింటున్నాడు. పక్క సీటామె కూడా చెవి ఇటు పెట్టింది. ఎవరి పేరు మీద వింటున్నారన్నది నాకు రెండు స్టేజీలు దాటాక గుర్తొచ్చింది. కోపం అప్పుడు వచ్చింది, మూడింతలుగా.

మా డ్రైవరన్నతో చెప్పాను. ఆయనా నేనూ ఈ దారిలో ఏళ్ల తరబడి తిరుగుతున్నాం. నేను రాసేవన్నీ బస్సు నడుపుతూ చెవులతో చదివిన మనిషి. గేరు మారుస్తూ, "సొమ్మొకనిది, సోకొకనిది. ఊరికే ఉంటావా?" అన్నాడు.

"నేనా?" అన్నాను.

ఆయన నవ్వి హారను కొట్టాడు.

నా రాత గురించి కొంచెం చెప్పాలి. బస్సులో కనిపించిన మనుషుల గురించి చిన్న చిన్నగా రాసి ఫేసుబుక్కులో పెడతాను. నాకు చదువుల్లో పెద్ద పట్టాలేమీ లేవు. మాట వినే చెవి ఉంది. టికెట్టు మిషన్‌లోంచి ట్రిప్పు లెక్కకు కొట్టే కాగితం వెనక పెన్నుతో రాసుకుని, ఇంటికొచ్చి ఫోనులోకి ఎక్కించుకుంటాను. మొదట్లో ఎవరినీ అడిగేదాన్ని కాదు. విన్నాను, రాశాను, పెట్టాను, అంతే.

ఒకసారి ముద్దనూరు దగ్గర ఎక్కే మేకలాయన గురించి అట్లాగే రాశాను. ఎవరో ఆయనకు చదివి వినిపించారు. మరుసటి వారం ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి బస్సంతా వినేట్టు అడిగాడు.

"నా మాట నాకు తెలీకుండా ఎట్ల ఎత్తుకపోయినావు మ్మా? మేకను తోలుకపోతే దొంగతనమంట. మాటను తోలుకపోతే కాదా?"

నోరున్న దాన్నని పేరు తెచ్చుకున్న నేను ఆ రోజు తప్పు ఒప్పుకున్నాను. ఆయన అన్నది నిజం. ఆ రాత తీసేశాను. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరి గురించి రాస్తే వాళ్లకు ముందు చదివి వినిపించాలి. వాళ్లు ఊ అంటేనే పెట్టాలి. మార్చమంటే మార్చాలి. దీనివల్ల నా రాతల్లో ఒకాయన వయసు ఐదేళ్లు తగ్గింది. ఒకామె కట్టిన చీర పచ్చరంగు వదిలి వంగపండు రంగుకు మారింది. ఇవి మినహా నా రాతలో అబద్ధం ఉండదని నేను ఊరంతా చెప్పుకునేదాన్ని.

ఆ మాటకు నీళ్లు వదలమన్నది బొంతల అవ్వ.

ఆమెది జమ్మలమడుగు. ఇంటింటికీ పోయి పాత చీరలు తెచ్చుకుని, పొరలు పొరలుగా పేర్చి, దారంతో బొంతలు కుట్టి తిరిగి ఆ ఇళ్లకే ఇస్తుంది. వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా దూదేకడం, పరుపులు కుట్టడమే పని. ప్రతి శనివారం మూటతో మా బస్సెక్కి పులివెందులలో దిగుతుంది. చచ్చిపోయిన వాళ్ల చీరలను బొంతలో ఎక్కడ పెడుతుందో, పసిబిడ్డ తగిలే వైపు ఎవరి చీర పెడుతుందో ఆమె చెబుతుంటే నేను టికెట్లు కొట్టడం మరిచిపోయేదాన్ని. ఆమె గురించి రాసింది నేను రాసిన వాటన్నింటిలోకీ మంచిదని నా నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను.

పులివెందుల బస్టాండులో బండి ఆగి ఉన్నప్పుడు ఆమెకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం వినింది.

"అంతా బాగుండాది పాపా. ఒక ముక్క తక్కువైంది."

"ఏంది అవ్వా?"

"నేను బస్సెక్కే పొద్దు నా మొగుడు మూట మోసకొచ్చి పైకిచ్చి, చెంబుతో నీల్లిచ్చి పోతాడని రాయి."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె మొగుడు ముప్పై ఏళ్ల కిందట కువైటుకు పోయాడు. మొదట కొన్ని ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు, మనిషీ రాలేదు. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది, డ్రైవరన్న వెనక సీటులో కూర్చుని. ఎవరికీ చెప్పవద్దని కూడా అంది. ఆమె గిరాకీలున్న పులివెందులలో అందరూ ఆయన ఇంటిపట్టున ఉన్నాడనే అనుకుంటారు.

"అవ్వా, అది…"

"నాకు తెలీదా? రాయి."

"నా రాతలో అబద్ధం ఉండదు అవ్వా."

"అబద్ధం నీది గాదు గదా, నాది. నువ్వు ఉత్త రాసేదానివి."

రాశాను. రెండే వాక్యాలు. పెట్టిన రోజు చదివినవాళ్లంతా వాటినే మెచ్చుకున్నారు. ఆ చెంబు నీళ్ల దగ్గర కళ్లు చెమ్మగిల్లాయన్నారు. నేను చెమటోడ్చి రాసిన చీరల భాగం మాట ఎవరూ ఎత్తలేదు. నాకు కొంచెం కడుపు మండింది కూడా.

ఇప్పుడు ఆ చెంబుతో సహా నా రాత మొత్తం ఇంకొకరి ఇంట్లో ఉంది. చానెలు సారు జమ్మలమడుగు తీసి తన ఊరి పేరు పెట్టుకున్నాడు. అవ్వ యాసను ఇస్త్రీ చేసి మడత పెట్టాడు. మిగిలిందంతా ఉన్నది ఉన్నట్టు దించాడు.

ముందు మర్యాదగానే అడిగాను. వీడియో కింద, "ఇది ఎక్కడ రాసుకున్నారు సార్?" అని ఒక్క ముక్క రాశాను. దొంగ అనలేదు, నాది అనలేదు. గంట తిరగకముందే నా ప్రశ్న మాయమైంది, నన్ను బ్లాక్ చేశాడు, నాకు ఆ చానెలు తలుపు మూసుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, ఈయన అనకముందే తడుముకున్నాడు.

డ్రైవరన్న ఫోనులోంచి వీడియో తెరిచి, ప్రతి వాక్యానికీ తెర ఫొటో తీసి పెట్టుకున్నాను. లింకు దాచుకున్నాను. వెతికితే నావి ఇంకా ఆరు ఆ చానెల్లో దొరికాయి. ఒకరోజు సెలవు పెట్టి, ఆ వీడియోలు నడిపే సంస్థకు ఫిర్యాదు ఫారం నింపాను. అది అసలు రాత ఎక్కడుందో, ఏ తేదీన పెట్టారో చూపించమంది. అక్కడ నా బండి ఆగింది.

నా పాత ఫేసుబుక్కు ఖాతాను ఎవరో హ్యాక్ చేసి దాంట్లో నానా చెత్త ప్రకటనలు పెడితే ఫేసుబుక్కువాళ్లు దాన్ని మూసేశారు. రాతలన్నీ దాంతోనే పోయాయి. నేను టికెట్టు కాగితాల్లోంచి చూసి మళ్లీ కొత్త ఖాతాలో ఎక్కించుకున్నాను. ఆ కొత్త తేదీలన్నీ సారు వీడియోల తర్వాతివి. తేదీలు చూసిన ఎవరికైనా నేనే ఆయన దగ్గర ఎత్తినట్టు కనిపిస్తుంది. పాతవి చదివినవాళ్లు "మాకు గుర్తుండాది" అన్నారు గానీ, రుజువు ఎవరి దగ్గరా లేదు.

పోనీ, టికెట్టు కాగితాలున్నాయి కదా అనుకున్నాను. తేదీ, ట్రిప్పు ముందువైపు అచ్చయి ఉంటాయి, వెనక నా చేతిరాత. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నా రేకు పెట్టె తెరిచాను. తిప్పి చూస్తే అన్నీ ముందువైపు నల్లబడి ఉన్నాయి, ఒక్క తేదీ కూడా కనిపించలేదు. ఆ కాగితం వేడి తగిలితే నల్లబడే రకం. మిషన్‌లో అచ్చయ్యేదే ఆ వేడికి. ఇది తెలియాల్సిన మొదటి మనిషి కండక్టరు. ఆ కండక్టరే, అంటే నేనే, పెట్టెను రెండు వేసవులు డ్రైవరన్న పక్కన ఇంజను బానెట్టు మీద పెట్టుకుని తిరిగాను. మా కడప ఎండ, కింద ఇంజను సెగ. నా తేదీలన్నీ మాడ్చుకుని కూర్చున్నాను. డిపోలో ఎవరికి చెప్పినా ముందు నవ్వారు, తర్వాత నవ్వినందుకు బాధపడ్డారు.

ఇంక మిగిలిన సాక్ష్యం ఒక్కటే. ఆ చెంబు.

అది అబద్ధమని నాకు తెలుసు, అవ్వకు తెలుసు, ముందు సీటులోంచి విన్న డ్రైవరన్నకు తెలుసు. సారుకు తెలియదు. శనివారం అవ్వ బస్సెక్కినప్పుడు డ్రైవరన్న ఫోనులో వీడియో వినిపించాను. చివర ఆ సారు సొంతంగా కలుపుకున్న మాట ఒకటి ఉంది: "ఆ పెద్దాయన చెంబులో నీళ్లు చిన్నప్పుడు నేనూ తాగాను. ఇందులో ప్రతి అక్షరం నిజం."

"తాగినాడంటనా?" అంది అవ్వ. మూట ముడి విప్పి మళ్లీ గట్టిగా కట్టుకుంది.

"ఆమెనే అడుగు. ఆమె ఒక్క మాట చెప్తే ఆయన పని సరి," అన్నాడు డ్రైవరన్న, ఆమె పులివెందులలో దిగాక.

అడగలేదు. ఆమె జీవితంలో కావాలని అడిగి పెట్టించుకున్నది ఆ రెండు వాక్యాలే. నా పేరు కోసం వాటిని నలుగురిలో చింపమని అడగడానికి నాకు నోరు రాలేదు. నా రాత పోతే పోయింది, ఇంకొకటి రాయగలను. రాయగలనన్న పొగరు నాకుంది. ఆమెకు ఇంకొక చెంబు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ ఆదివారమే చానెలు సారుకు ప్రొద్దుటూరులో సన్మానమని తెలిసింది. ఆయన్ని వినేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారట. శాలువా కప్పుతారు, బొంతల అవ్వ కథ ఆయనే చదువుతాడు. నేను పోయి నిలబడి, ఇది నాది అని ఒక్కసారి చెప్పి వచ్చేద్దామనుకున్నాను. నమ్మితే నమ్ముతారు. ఖాకీ చొక్కాతోనే పోయాను. అది నా పనిబట్ట, దాన్ని విప్పి పోవాల్సిన అవసరం కనిపించలేదు.

హాలు నిండింది. రెండో వరుసలో, బొంతల మూట ఒళ్లో పెట్టుకుని, అవ్వ కూర్చుని ఉంది. పక్కన డ్రైవరన్న. ఆయనే తీసుకొచ్చాడని అర్థమై నాకు మండింది. దగ్గరికి పోయి, "నువ్వేం మాట్లాడొద్దవ్వా," అన్నాను.

"వినేకి వచ్చినా. కూచో," అంది.

సారు బాగానే చదివాడు. గొంతు మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. చెంబు దగ్గర ఆగి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చప్పట్లయ్యాక ఎవరైనా మాట్లాడవచ్చన్నారు. నేను లేచాను.

"సార్, ఇది నేను రాసింది. ఈ ఊరి బస్సులో రాసింది."

ఆయన నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "అమ్మా, మీ పోస్టు నేను చూశాను. దాని తేదీ చూడండి, నా వీడియో తేదీ చూడండి. నచ్చి మీ పేరు మీద పెట్టుకున్నారు, నేనేమీ అనలేదు. ఈ కథలో అవ్వ మా ఊరి మనిషి. నా కళ్లతో చూసి రాశాను."

హాలంతా నా వైపు తిరిగింది. దొంగను చూసే చూపు నాకు తెలుసు. బస్సులో జేబు కొట్టినవాడిని పట్టుకున్నప్పుడు నేనూ అలాగే చూస్తాను. నోటి దాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి, అవి ఇక్కడ రాసేవి కావు. అవ్వ నా చెయ్యి పట్టి కిందికి లాగి, తను లేచింది.

"అప్పా, ఆ బొంతల దాన్ని నేనే."

సారు నవ్వాడు. "మీలాంటి అవ్వ ప్రతి ఊళ్లోనూ ఉంటుందమ్మా."

"ఉంటాది. ఆమె మొగుడు చెంబుతో నీల్లిచ్చేది నువ్వు సూసినావా?"

"చూశాను. తాగాను కూడా. ఇత్తడి చెంబు."

"నేను సూల్లేదప్పా," అంది అవ్వ.

ఎవరో నవ్వబోయి ఆగారు. ఆమె మూటను కుర్చీలో పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నా మొగుడు కువైటుకు పోయి ముప్పై ఏండ్లు. ఒక్కపొద్దు గూడా నా మూట ఎత్తల్యా, నీల్లియ్యల్యా. ఆ ముక్క అబద్ధం. నాకు ఆశ పుట్టి ఈ పాపతో అడిగి రాయించుకున్న్యా. పాప వద్దనె, నేనే ఇన్ల్యా. నా కడుపులో పుట్టిన అబద్ధం నీ ఊర్లో, నీ చెంబులోకి ఎట్ల వచ్చెనప్పా?"

సారు స్ఫూర్తి అన్నాడు, జనంలో తిరిగే కథ అన్నాడు, తర్వాత కాగితాలు సర్దుకున్నాడు. శాలువా బల్ల మీదే ఉండిపోయింది. నిర్వాహకుల్లో ఒక పెద్దాయన మైకు దగ్గరికొచ్చి, రాసినామె పేరు వీడియో మీద పెట్టే దాకా ఈ సన్మానం లేదని చెప్పాడు. సారు పేరు పెట్టలేదు. నాలుగు రోజుల్లో నావి ఏడూ తీసేశాడు. తీసేసిన నెలకు ఫిర్యాదు చేసిన సంస్థ నుంచి, మీ విన్నపం పరిశీలనలో ఉందని మెయిలు వచ్చింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడం అంటే ఏమిటో నాకు అప్పుడు బాగా తెలిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానేమో గానీ గట్టిగానే పట్టుకున్నాను. ఇప్పుడు రాసిన కాగితాన్ని రాసిన రోజే ఫొటో తీస్తాను. నా మెయిలుకు నేనే పంపుకుంటాను, తేదీ అక్కడ నిలుస్తుంది. ఒక చోట పెట్టినదాన్ని ఇంకో చోట కూడా దాస్తాను. ప్రతి రాత చివరా దాన్ని మొదట విన్నది ఎవరో, ఏ స్టేజీ దగ్గర విన్నారో వాళ్ల అనుమతితో రాస్తాను. నా రాతలకు సంతకం నాది, సాక్షులు బస్సు నిండా ఉన్నారు. పెట్టెను బానెట్టు మీద పెట్టడం మానేశాను. పుస్తకాలు రాసినవాళ్లు ఎంతమందికి ఇంత మంది సాక్షులున్నారో నాకు తెలియదు. నాకున్నారు.

కానీ ఆ ఆదివారం హాలులోంచి బయటికి వచ్చేటప్పుడు నాలో గెలిచిన సంతోషం లేదు. అవ్వ మెట్లు దిగుతూ ఎవరి వైపూ చూడలేదు. ఆ హాలులో పులివెందుల వాళ్లు కూడా ఉన్నారు. ఆమె దగ్గర బొంతలు తీసుకునేవాళ్లే. ముప్పై ఏళ్లు దాచుకున్నది నా కోసం ఒక్క నిమిషంలో విప్పేసింది. మొక్కాలనిపించింది. ఆమె చేతిలోంచి మూట తీసుకుని ఆటో దాకా మోశాను. వద్దనలేదు.

తర్వాతి శనివారం ఆమె ఎప్పటిలాగే జమ్మలమడుగులో బస్సెక్కింది. సున్నా టికెట్టు కొట్టి ఇచ్చి, పక్కన నిలబడ్డాను. వారం రోజులుగా గొంతులో పెట్టుకున్న మాట అడిగాను.

"అవ్వా, అందరికీ తెలిసిపాయె గదా. ఆ ముక్క తీసేయమంటావా?"

"తీసేసేకి అది నీదా?"

"కాదు."

"ఆ చానెలు ఆయప్పదా?"

"కాదవ్వా."

"మరి ఊరికే ఉండు. నాది అది, ఉండనీ." టికెట్టును మడిచి రవికెలో పెట్టుకుంది. బస్సు కొంత దూరం పోయాక మళ్లీ నన్ను పిలిచింది.

"పాపా, ఆ నీల్లు సల్లగా ఉన్న్యాయని గూడా రాయి."

రోలులోంచి ఒక ముక్క చింపి, అప్పుడే రాశాను.